జమ వైపు రాసిన బోనస్: ఎనుమాముల గుమస్తా ఒకరి ఐదు నెలల లెక్క

2025 ఏప్రిల్‌లో, మిర్చి బస్తాలతో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ ఇంకా నిండి ఉన్న రోజుల్లో, అక్కడి ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాగా పనిచేసే 27 ఏళ్ల యువకుడు తన బావను వెంటబెట్టుకొని హనుమకొండలోని నా కార్యాలయానికి వచ్చాడు. చిన్న వ్యాపారుల ఖాతాలు, పన్నుల పనితో పాటు, అప్పుల్లో చిక్కుకున్న కుటుంబాలకు ఎవరికి ఎంత బాకీ ఉందో తేల్చి, తీర్చే క్రమం రాసిపెట్టడం నా వృత్తిలో భాగం. ఆ యువకుడి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. అతణ్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, మొత్తాలను సమీప వందలకు సరిచేశాను. అతను ఆడిన సైటు పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే అటువంటి షరతులు ఆ ఒక్క సైటువే కావు.

అతను తెచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఒక పొడవాటి ఖాతా పుస్తకం. 2024 నవంబరు నుంచి 2025 మార్చి వరకు ఆన్‌లైన్ కేసినోలో వేసిన ప్రతి డిపాజిట్‌నూ, తీసుకున్న ప్రతి రూపాయినీ తేదీలతో సహా అందులో రాసుకున్నాడు. నా దగ్గరికి ఇటువంటి సమస్యతో వచ్చిన వారిలో ఇంత శుభ్రంగా లెక్క రాసినవారిని నేను చూడలేదు. అయినా ఆ లెక్క తప్పింది. ఖర్చు వైపు సొంత డిపాజిట్లు 2,64,000 రూపాయలు ఉన్నాయి. జమ వైపు రెండు వరుసలు ఉన్నాయి: బ్యాంకులోకి వచ్చిన విత్‌డ్రాయల్ 71,500, కంపెనీ ఇచ్చిన బోనస్ 1,38,000. రెండూ కలిపి 2,09,500 వచ్చినట్టు, నష్టం 54,500 మాత్రమే అయినట్టు చివరి పేజీలో ఎర్ర సిరాతో రాసి ఉంది.

"కంపెనీ ఇచ్చిన పైసలు గూడ లెక్కల వట్టాలె గద సార్, స్క్రీన్ మీద నా పేరునే వడ్డయి" అన్నాడు.

వాళ్ల దుకాణంలో కాంటా కాని సరుకును రైతు ఖాతాలో జమ రాస్తారా అని అడిగాను. రాయరని అతనికి తెలుసు. గేటు దగ్గర చెప్పిన ధర వేరు, తేమకు, తాలుకు, బస్తా బరువుకు కోతలు పోయాక, హమాలీ, దడువాయి (తూకం వేసేవారి) ఖర్చులు తీసేశాక తక్‌పట్టీ, అంటే రైతు చేతికిచ్చే తుది లెక్క చీటీ, మీద మిగిలేది వేరు. రైతు ఇంటికి తీసుకుపోయేది తక్‌పట్టీ మీది అంకెనే. బోనస్‌కు తక్‌పట్టీ ఎవరూ ఇవ్వరు కనుక దాన్ని మనమే తయారు చేసుకోవాలని చెప్పి, అతని మొదటి బోనస్‌ను ముందు పెట్టుకున్నాం.

ఆ మొదటి బోనస్ ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉన్న మాట "100 శాతం". 10,000 వేస్తే ఇంకో 10,000 కలుపుతారు. షరతుల పేజీని అతని ఫోన్‌లోనే తెరిచి, ఇద్దరం వేలు పెట్టి చదివాం. డిపాజిట్, బోనస్ కలిపిన మొత్తానికి 35 రెట్లు పందెం కాయాలి. దీన్నే వేజరింగ్ అంటారు, కొందరు రోలోవర్ అంటారు. గడువు 7 రోజులు. షరతు తీరేదాకా ఒక్కో పందెం 500 దాటకూడదు. మధ్యలో డబ్బు తీయాలనుకుంటే బోనస్, దానితో గెలిచినదీ రద్దవుతాయి. స్లాట్ ఆటల్లో కాసిన పందెం పూర్తిగా లెక్కకు వస్తుంది, టేబుల్ ఆటల్లో, లైవ్ ఆటల్లో కాసినది 10 శాతమే వస్తుంది.

20,000కు 35 రెట్లంటే 7,00,000. ఈ ఏడు లక్షలు అతని జేబులోంచి ఒకేసారి పోయే డబ్బు కాదు, వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ తిప్పగా జరగాల్సిన మొత్తం పందెం. కాబట్టి ఒక్కసారి తిప్పితే ఎంత అరుగుతుందన్నది తర్వాతి ప్రశ్న. స్లాట్ ఆట సమాచారంలో ఆర్‌టీపీ 96 శాతం అని ఉంది, అంటే దీర్ఘకాలంలో కాసిన ప్రతి వందకూ సగటున 96 తిరిగి వస్తుంది, 4 రూపాయలు కేసినో దగ్గర ఉండిపోతుంది. ఆ నాలుగు రూపాయలు ప్రతి పందెం మీద పడే తరుగు. ఏడు లక్షల మీద తరుగు 28,000. ఆ పని చేసినందుకు ఇచ్చే బోనస్ 10,000.

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరైన ప్రశ్నే అడిగాడు: ఖాతాలో ఉన్నదే 20,000 అయినప్పుడు 28,000 ఎలా పోతుంది? పోదు. సొంత డబ్బు 10,000కు మించి ఆ బోనస్‌లో అతను పోగొట్టుకోలేడు. 4 శాతం తరుగు చొప్పున 20,000 అరిగిపోయేలోపు సగటున 5,00,000 పందెమే జరుగుతుంది, ఇంకా 2,00,000 మిగిలి ఉంటుంది. అంటే మామూలు అదృష్టంతో ఆడినవాడు షరతు చివరికి చేరడు. చేరినవాడు సగటుకన్నా చాలా ఎక్కువ అదృష్టం కలిసివచ్చినవాడు. ఎక్కువమందికి సున్నా, కొద్దిమందికి పెద్ద మొత్తం దక్కే అమరిక ఇది. ఆ కొద్దిమంది తమ గెలుపును నలుగురికీ చెప్తారు.

అతని విషయంలో ఇదే కీడు చేసింది. నవంబరులో మొదటి బోనస్ షరతు తీరి, 31,000 బ్యాంకులోకి వచ్చింది. తన పద్ధతి పనిచేస్తుందన్న నమ్మకం ఆ రోజు కుదిరింది. ఆ తర్వాత నాలుగు నెలల్లో రెండేసార్లు డబ్బు తీయగలిగాడు, 24,000 ఒకసారి, 16,500 ఇంకోసారి.

ఏ ఆటతో షరతు తీర్చుకుంటే మేలన్న దాని మీద అతనికి గట్టి అభిప్రాయం ఉంది. స్లాట్ యంత్రం మోసమని, కళ్లముందు ముక్కలు వేసే లైవ్ అందర్ బాహర్ నమ్మదగినదని అనుకున్నాడు. మన ఊళ్లలో లోపల బయట అని ఆడే ఆట కనుక తనకు దాని పోకడ తెలుసని అతని ధీమా. ఆ ఆటలో తరుగు తక్కువేనన్నది నిజమే. మొదటి ముక్క పడే వైపు సుమారు 51.5 శాతం సార్లు గెలుస్తుంది, అందుకే ఆ వైపు గెలిస్తే సాధారణంగా వందకు 90 మాత్రమే ఇస్తారు. లెక్క కడితే వందకు 2 రూపాయల 15 పైసల నష్టం వస్తుంది, స్లాట్‌లో పోయేదానిలో సగానికి కాస్త ఎక్కువ. అయితే ఇక్కడ కాసిన పందెంలో పదో వంతే షరతులో కలుస్తుంది.

దీన్ని తేటగా చూడడానికి నేను వాడే కొలత ఒకటుంది. షరతులో 1,000 రూపాయలు తీరడానికి సగటున ఎంత ఖర్చవుతుందో చూస్తాను. 96 శాతం స్లాట్‌లో వెయ్యి కాస్తే వెయ్యీ తీరుతుంది, ఖర్చు 40. అందర్ బాహర్‌లో వెయ్యి తీరాలంటే 10,000 కాయాలి, ఖర్చు 215. ఒకే సున్నా ఉండే యూరోపియన్ రూలెట్‌లో 37 గళ్లు ఉంటాయి, తరుగు 2.7 శాతం, పది శాతమే లెక్కకు వస్తే వెయ్యికి ఖర్చు 270. బ్లాక్‌జాక్ అనే పేకాటను, ఏ ముక్కలకు ఏం చేయాలో చెప్పే ప్రాథమిక వ్యూహం తప్పకుండా ఆడేవాడికి తరుగు అర శాతం దగ్గరే ఉంటుంది, కానీ చాలా సైట్లు దాన్ని 5 శాతమే లెక్కిస్తాయి కనుక ఖర్చు 100. తరుగు తక్కువున్న ఆటకు లెక్కింపు శాతం తక్కువ పెట్టడం యాదృచ్ఛికం కాదు. తెలివైన ఆటగాడు వెతుక్కునే దారిని ముందే మూసేందుకు రాసిన నిబంధన అది. మా గుమస్తా అందర్ బాహర్‌తో ఏడు లక్షల షరతు తీర్చాలంటే 70 లక్షల పందెం కాయాల్సి ఉండేది, దాని మీద తరుగే లక్షన్నర. జనవరి బోనస్‌లు రెండూ అతనికి అందుకే కాలాతీతమై పోయాయి. ఏడు రోజులూ రాత్రిళ్లు ఆడి, షరతు గీత పావు వంతు కూడా కదలలేదని బాధపడ్డాడు, కారణం అప్పటికి అతనికి తెలియదు.

సమయం లెక్క కూడా ఆ పూటే కట్టాం. అతను స్లాట్‌లో మామూలుగా పెట్టే పందెం 50 రూపాయలు. ఏడు లక్షలకు 14,000 తిప్పులు కావాలి. ఆరు సెకన్లకు ఒకటి చొప్పున 23 గంటల 20 నిమిషాలు, అంటే వారం పాటు రోజుకు 3 గంటల 20 నిమిషాలు. ఉదయం మార్కెట్ తెరిచే వేళకు దుకాణంలో ఉండాల్సిన మనిషి అర్ధరాత్రి దాకా ఎందుకు మేల్కొని ఉన్నాడో, కాంటా చీటీల్లో పొరపాట్లు ఎందుకు మొదలయ్యాయో అతని బావకు అప్పుడు అర్థమైంది. "పనిల వడి నిద్ర వోతలేడనుకున్న సార్" అన్నాడాయన.

బోనస్‌లన్నీ ఒకే రకమైన నష్టమని చెప్పడం నా ఉద్దేశం కాదు, అది నిజమూ కాదు. షరతు బోనస్ మీద మాత్రమే ఉండి, రెట్లు తక్కువైతే లెక్క మారుతుంది. 4 శాతం తరుగున్న ఆటలో బోనస్‌కు 25 రెట్ల దగ్గర రాబడి, ఖర్చు సమానమవుతాయి. 10,000 బోనస్‌కు రెండున్నర లక్షల పందెం, దాని మీద తరుగు 10,000. పది రెట్లయితే ఖర్చు 4,000, మిగులు 6,000. బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి 19 నుంచి ఈ రెట్లను పదికి మించకుండా పరిమితం చేసింది. అంతకుముందే, 2018లో, ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ కొన్ని కంపెనీల చేత, ఆటగాడి సొంత డిపాజిట్‌ను బోనస్ షరతుతో బంధించబోమని హామీలు తీసుకుంది. నియంత్రణ ఉన్న మార్కెట్‌లో ప్రభుత్వ సంస్థలు ఏ రెండు అంశాలను పట్టుకున్నాయో గమనించదగినది: ఒకటి రెట్లు, రెండోది సొంత డబ్బు చిక్కుకుపోవడం. మన కుర్రవాడి సైటులో ఆ రెండూ ఉన్నాయి. పైగా 35 రెట్లు డిపాజిట్‌తో కలిపి కనుక, బోనస్ మీద చూస్తే అది 70 రెట్లు.

ఆర్‌టీపీ అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. చాలా స్లాట్ ఆటలను తయారీదారులు వేర్వేరు ఆర్‌టీపీలతో కేసినోలకు ఇస్తారు, బొమ్మ, పాట, పేరు అన్నీ ఒకటే ఉంటాయి. 96 బదులు 94 శాతమున్న రకం పెడితే తరుగు 4 నుంచి 6కు పెరుగుతుంది, చూడడానికి రెండు అంకెల తేడానే అయినా ఖర్చు సగం మేర పెరిగినట్టు. ఏడు లక్షల మీద 28,000 కాస్తా 42,000 అవుతుంది. అతను ఎక్కువగా ఆడిన ఆటలో 96 శాతం అనే ఉంది, కాబట్టి నేను దాన్నే వాడాను.

ఫ్రీ స్పిన్‌ల (ఉచిత తిప్పుల) మీద ఎక్కువసేపు ఆగలేదు. 10 రూపాయల చొప్పున 50 తిప్పులంటే ముఖ విలువ 500, సగటు రాబడి 480. అది నగదుగా రాదు, 40 రెట్ల షరతుతో మళ్లీ బోనస్‌గా వస్తుంది. 19,200 పందెం మీద తరుగు 768, చేతికి రావాల్సిన 480 కన్నా ఎక్కువ. వీఐపీ పాయింట్లు పందెంలో వెయ్యికి ఒక రూపాయి లెక్కన వచ్చాయి, అదే వెయ్యి మీద తరుగు 40.

క్యాష్‌బ్యాక్ వేరు. వారం నష్టంలో 10 శాతం తిరిగి ఇచ్చి, దానిపై 5 రెట్ల షరతు పెట్టారు. 20,000 పోయిన వారంలో 2,000 వస్తుంది, 10,000 పందెంతో అది విడుదలవుతుంది, తరుగు 400, నికరంగా మిగిలేది 1,600. అతను అందుకున్న ప్రమోషన్లన్నిటిలో చెప్పిన విలువకు దగ్గరగా నిలబడినది ఇదొక్కటే. కాకపోతే అది అందాలంటే ముందు 20,000 పోవాలి. సోమవారం ఉదయం క్యాష్‌బ్యాక్ పడగానే అతను మళ్లీ డిపాజిట్ వేసినట్టు పుస్తకంలోని తేదీలు చూపిస్తున్నాయి. మార్చి నెలలో నాలుగు సోమవారాలు అలాగే ఉన్నాయి.

తరువాత సైటులోని ఆట చరిత్రను దించి, మొత్తం పందెం కూడాం. ఐదు నెలల్లో 68,40,000 రూపాయలు. ఆ అంకె చూసి అతను పొరపాటనుకొని మళ్లీ కూడమన్నాడు, మళ్లీ కూడినా అదే వచ్చింది. నెలకు 18,000 జీతం ఉన్న మనిషి అరవై ఎనిమిది లక్షల పందెం కాశాడు. అంతా స్లాట్ లెక్కనే చూస్తే దీని మీద 4 శాతం తరుగు 2,73,600. ఇక అసలు జరిగినదేమిటి? కంపెనీ ఇచ్చామన్న 1,38,000 బోనస్‌లో గడువు దాటి, రద్దై పోయినది 52,000, ఆటలో కరిగినది 86,000. సొంత డబ్బులో నికర నష్టం 2,64,000 నుంచి 71,500 తీసేయగా 1,92,500. ఆటలో కరిగిన మొత్తం 2,78,500. కాగితం మీద కట్టిన తరుగుకూ, నిజంగా పోయినదానికీ తేడా 4,900. ఇన్ని పందేలు కాసినప్పుడు ఇంతకన్నా పెద్ద తేడా వచ్చినా నేను ఆశ్చర్యపోయేవాణ్ని కాదు, ఒక మనిషి ఫలితం సగటుకు చాలా అటూఇటూ ఉండగలదు. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన కనబడటం, తనకు దురదృష్టం పట్టిందన్న అతని నమ్మకాన్ని నా మాటలకన్నా బలంగా సడలించింది.

ఈ కేసులో నేను నేర్చుకున్నది ఇక్కడే ఉంది. అంతకుముందు నేను బోనస్‌ను తగ్గింపు లాగా చూసేవాణ్ని, అసలు విలువ తక్కువని మాత్రమే చెప్పేవాణ్ని. ఈ పుస్తకం చూశాక తెలిసిందేమంటే, బోనస్ అనేది ఇన్ని లక్షల పందెం కాయమని ఇచ్చే బయానా. సొంత డిపాజిట్లకు సుమారు 26 రెట్లు అతను పందెం కాశాడు. బోనస్ లేకుండా 10,000 వేసి ఉంటే, గెలిచినప్పుడు ఆగిపోయి డబ్బు తీసుకునే స్వేచ్ఛ అతనికి ఉండేది. బోనస్ ఒప్పుకున్న క్షణం నుంచి ఆగడం నష్టంగా కనబడింది. డిసెంబరులో ఒక రాత్రి అతని ఖాతాలో 38,000 ఉంది, షరతు ఇంకా లక్షా పదివేలు మిగిలి ఉంది. ఆ పూట ఆపి ఉంటే బోనస్, గెలుపు రద్దైనా సొంత డిపాజిట్ చేతిలో ఉండేది. తెల్లవారేసరికి 900 మిగిలింది. కాబట్టి ఇప్పుడు నేను బోనస్ విలువ కట్టేటప్పుడు, అది లేకపోతే ఈ మనిషి ఎంత పందెం కాసేవాడన్నది మొదట అడుగుతున్నాను.

అతని లెక్కలో ఎక్కడా లేని ఖర్చు ఒకటి ఫిబ్రవరిలో వచ్చింది. చివరిగా తీసిన 16,500 కంపెనీ పేరుతో కాక, ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి ఖాతా నుంచి యూపీఐలో వచ్చింది. ఆ ఖాతా మీద వేరే రాష్ట్రంలో సైబర్ మోసం ఫిర్యాదు ఉండటంతో, అక్కడి పోలీసుల సూచన మేరకు బ్యాంకు ఇతని జీతం ఖాతాను నిలిపివేసింది. డిపాజిట్లు కూడా అటువంటి ఖాతాలకే వెళ్లాయి, ప్రతిసారీ పేరు వేరు. గెలిచిన డబ్బు వచ్చినా అది ఏ చేతుల మీదుగా వచ్చిందో తెలియని చోట, వచ్చిన మొత్తాన్ని పూర్తి విలువకు జమ కట్టడం ఖాతాలు రాసేవారెవరూ చేయరాని పని.

చట్టం సంగతి నేను మొదటి రోజే చెప్పాను. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో నిషేధించారు. ఆ తర్వాత, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది, నిర్వహించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షల దాకా శిక్ష ఉన్నాయి. కాబట్టి కంపెనీ మాట తప్పితే మన దగ్గర అడిగే వేదిక లేదు, షరతులు రాసేదీ, వాటికి అర్థం చెప్పేదీ కంపెనీయే. పన్ను గురించి అతను భయపడ్డాడు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపుపై 30 శాతం పన్ను ఉంది, తీసుకోగలిగే రూపంలోకి మారిన బోనస్ కూడా సొంత డిపాజిట్‌గా మినహాయింపుకు రాదు. అతనికి 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఆ సైటులో నికర గెలుపే లేదు కనుక ఆ సమస్య రాలేదు. నవంబరులో మొదలుకాక, ఫిబ్రవరిలో మొదలుపెట్టి మార్చి 31 నాటికి గెలుపులో ఉండి, ఏప్రిల్‌లో అంతా పోగొట్టుకొని ఉంటే, ఒక ఏడాది గెలుపుకు పన్ను కట్టాల్సి వచ్చేది, మరుసటి ఏడాది నష్టం దానికి అడ్డు పడేది కాదు.

అప్పుల పట్టిక ఇలా తేలింది: భార్య పుస్తెలతాడు మీద బంగారు రుణం 90,000, యజమాని దగ్గర అడ్వాన్సు 60,000, మార్కెట్ మిత్రుల దగ్గర చేబదులు 45,000. మిత్రుల్లో ఇద్దరు అతని రెఫరల్ లింకుతో అదే సైటులో చేరినవారు. ఒక్కొక్కరికి 500 రెఫరల్ బోనస్ వచ్చిందని పుస్తకంలో జమ రాసి ఉంది. ఆ రెండు పంక్తులు చదివేటప్పుడు అతను తల వంచుకున్నాడు. వాళ్లిద్దరినీ పిలిపించి అదే లెక్క చెప్పమన్నాను, మర్నాడు సాయంత్రం చెప్పాడు.

భార్యకు విషయం అతని నోటితోనే తెలియాలన్నది నా ఒక్క షరతు. బావ పక్కన కూర్చోగా చెప్పాడు. నిద్ర, కోరిక, చిరాకు గురించి మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించాం, అటుపై మానసిక వైద్యుల దగ్గరికి నాలుగుసార్లు వెళ్లివచ్చాడు. ఫోన్‌లో యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించి, జీతం భార్య ఖాతాలో పడేటట్టు మార్చాం. యజమాని వడ్డీ అడగకుండా నెలకు 4,000 కోసుకోవడానికి ఒప్పుకున్నారు. పుస్తకంలో బోనస్ వరుస మొత్తాన్ని అతని చేతనే కొట్టివేయించి, చివరి పేజీలో 54,500 బదులు 1,92,500 రాయించాను.

పది నెలలు గడిచాయి. యజమాని అడ్వాన్సులో 40,000 తీరింది, మిత్రుల బాకీ పూర్తయింది, బంగారం మీద వడ్డీ క్రమంగా కడుతున్నారు. సెప్టెంబరులో ఒకసారి, 2,000 వేసి ఆడానని అతనే వచ్చి చెప్పాడు. ఆ తర్వాత ఆడినట్టు ఖాతాలో కనబడలేదు. బ్యాంకుకూ, ఆ రాష్ట్రపు సైబర్ పోలీసులకూ వివరణ పంపాక ఖాతా మీద నిలుపుదలను 16,500కు పరిమితం చేశారు. ఆ మొత్తం ఇంకా విడుదల కాలేదు.